ఆటలకు దగిన తెర యెన్ని యంగుళములు?



గత మాసమున నొక సోదరి మలకపేటనుండి నాకు జాబు వ్రాయుచు, "మా పిల్లలు వీడియో ఆటలకై పెద్ద టెలివిజను కావలెనని పోరుచున్నారు. పెద్దవాడు 65 అంగుళములనును, చిన్నవాడు 55 అనును. వారి తండ్రిగారు 32 చాలుననుచున్నారు. ఇందెవరి మాట వినవలెను?" అని యడిగినారు. ఊరగాయలను గూర్చియు, పసిబిడ్డల దగ్గులను గూర్చియు, ఇంటిఖర్చుల లెక్కలను గూర్చియు ఈ శీర్షికక్రింద వ్రాయుచు వచ్చిన నాకీ ప్రశ్న మొదట నవ్వు దెప్పించినది. కాని యిది నవ్వి విడువదగిన ప్రశ్న గాదు. 2025 దసరా దినములలో మా యింటనే యీ తగవు పుట్టి నెలనాళ్లు మమ్ము నిలువనీయలేదు. కావున నేనిచట చెప్పబోవు మాటలు కొలబద్ద చేతబట్టి నేర్చినవే యని నమ్ముడు.

మేము ఉస్మాన్‌గంజ్‌లో నొక పాతమేడ మీది వాటాలో గాపురమున్నాము. క్రింద ధాన్యపు కొట్టు. తెల్లవారకమునుపే బస్తాలు దింపు హమాలీల కేకలతో మాకు మెలకువ వచ్చును. మావారు బడిపంతులు, జీతము సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. మాకున్నది యొకటే ముందుగది. సాయంకాలము మావారు పిల్లలకు పాఠములు చెప్పునదియు, రాత్రి మా యత్తగారు పరుండునదియు, చుట్టములు వచ్చినచో గూర్చుండునదియు నదియే. గోడనుండి గోడకు ఎనిమిదిన్నర యడుగులు. ఒక గోడ వారగా రెండున్నర యడుగుల వెడల్పు గల మంచము.

డల్లాసు పట్టణమున నున్న మా అన్నయ్య తనకు గ్రొత్త ఆటపెట్టె కొనుక్కొని, పాతదైన ప్లేస్టేషన్ 4ను మేనల్లునికి బంపినాడు. అప్పటికి మా యింట నున్న టెలివిజను పాడైపోయి యేడాదియైనది. అది లేని కొఱతను మావాడు ఫోనుతో దీర్చుకొనుచుండెను. పదుమూడేండ్ల పిల్లవాడు; మంచము మూలను ముడుచుకొని, అఱచేయంత తెరను ముక్కునకు జానెడు దూరమున బట్టుకొని, గంటలు గంటలు కదలక కూర్చుండువాడు. వాని చెల్లెలు పదేండ్లది. ప్రక్కన నిలిచి తొంగిచూచుటయే దాని యాట. ఆ వేసవిలో గంటివైద్యుని కడకు గొనిపోగా, కళ్లద్దముల బలము ఒక్క యేడాదిలో రెట్టింపైనదని తేలినది. ఆనాటి రాత్రి నాకు నిద్ర రాలేదు.

అందుచేత ఆటపెట్టె రాగానే మా యత్తగారు, "అమ్మాయీ, ఆ చిన్న ఫోనునకే వాని కండ్లిట్లైనవి. గోడంత తెర దెచ్చినచో నిక నేమి మిగులును?" అనిరి. పెద్దల మాటలో న్యాయమున్నట్లే తోచినది. వైద్యుని మరల నడిగితిమి. ఆయన చెప్పినది వేఱు. వస్తువు కంటికి దగ్గఱైనకొలది కన్ను దానిపై నిలుచుటకు బడు శ్రమ హెచ్చును. అడుగు దూరమున నున్న ఫోనును జూచుటకు బడు ప్రయాస, ఆఱడుగుల దూరమున నున్న తెరను జూచుటకు బడుదానికి ఆఱురెట్లు. ఎడతెగక దగ్గఱి వస్తువులనే చూచుటయు, పగటివెలుగులో బయట దిరుగకుండుటయు బాలురకు హ్రస్వదృష్టి హెచ్చుటకు గారణములని వైద్యులు చెప్పుదురు. కావున ఆట మానిపింపలేనిచో దానిని అఱచేతినుండి గోడమీదికి ద్రోయుట కంటికి మేలు. ఆడినంతసేపును మధ్యమధ్య లేచి దూరము చూడవలెను. దినమున రెండుగంటలు ఆరుబయట గడపవలెను. తెర పెద్దదగుట వలన భయము లేదు. దగ్గఱగుట వలననే భయము.

ఇంక అంగుళముల మాట. ఈ చిక్కు క్రొత్తది కాదు సుమా. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో హిగిన్‌బాథమ్ అను శాస్త్రజ్ఞుడు చూడవచ్చినవారి వినోదమునకై చేసిన బంతియాటకు దెర యైదంగుళములే. పిమ్మట 1972లో మాగ్నవాక్స్ వారు ఇండ్లలో టెలివిజనుకు దగిలించి యాడుకొను మొట్టమొదటి ఆటపెట్టెను 'ఒడిస్సీ' యను పేర నమ్మిరి. దానికి రంగులు లేవు, బొమ్మలు లేవు. తెల్లని చుక్కలు మాత్రము. అందుచేత ఆటస్థలము బొమ్మ ముద్రించిన పలుచని ప్లాస్టిక్ రేకులను తెరమీద నంటించుకొనవలసి యుండెను. ఆ రేకులను వారు రెండు పరిమాణములలో జేసిరి. మొదటి పెట్టెతోనే "మీ తెర యెంత?" అను ప్రశ్నయు బుట్టినదన్నమాట.

అంగుళములనగా నేమో ముందు తెలిసికొనవలెను. 43 అంగుళముల టెలివిజను అనగా వెడల్పు 43 కాదు. ఒక మూలనుండి యెదుటి మూలకు ఏటవాలుగా గొలిచినది. ఇప్పటి తెరలన్నియు వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లుగా నుండుటచే 43 అంగుళముల దాని వెడల్పు ముప్పదియేడున్నర, ఎత్తు ఇరువదియొకటి. 55 అయినచో వెడల్పు 48, ఎత్తు 27. 32 అయినచో వెడల్పు 28, ఎత్తు 16కు గొంచెము తక్కువ. ఏటవాలు కొలత మనల నెంత మోసపుచ్చునో చూడుడు: 43కును 55కును భేదము పండ్రెండంగుళములే యనిపించును గాని తెర వైశాల్యము ఒకటిన్నర రెట్లను మించి హెచ్చును. 32కంటె 65 రెండు రెట్లనిపించును. నాలుగు రెట్లు పెద్దది.

గురులఘువులు లెక్కించుట నేర్చిన చేతికి భాగహార మొక లెక్క గాదు. మీరు కూర్చుండు చోటున కంటినుండి తెరవఱకు గల దూరమును అంగుళములలో గొలువుడు. దానిని 1.6చే భాగించిన వచ్చునది నెమ్మదిగ జూచుటకు జాలు పరిమాణము. అప్పుడు తెర మన చూపులో సుమారు 30 డిగ్రీలు నిండును. 1.2చే భాగించిన వచ్చునది సినిమాశాలలో ముందువరుసలకు జేరువగ గూర్చున్నట్లు నిండుగ గనుపించు పరిమాణము. అది 40 డిగ్రీలు. ఈ రెంటి నడుమ నెన్నుకొనవలెను. మా గదిలో మంచపుటంచున గూర్చున్నవానికి గోడ ఆఱడుగులు, అనగా 72 అంగుళములు. 1.6చే భాగించిన 45. 1.2చే భాగించిన 60. మావాడీ రెండవ లెక్కను జూచి గంతులు వేసెను. 55 ఆ నడుమనే యున్నదిగదా! నేనును ఒప్పుకొంటిని. లెక్క తప్పు గాదు.

కాని లెక్కలో మఱియొక మెలిక గలదు. తెరమీది బొమ్మ చుక్కలతో నేర్పడును. మా అన్నయ్య పంపిన పెట్టె అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలు గల బొమ్మను మాత్రమే పంపగలదు. మొత్తము ఇరువది లక్షలు. ఇప్పటి పెద్ద టెలివిజనులకు దుకాణములవారు చెప్పు '4కె' యను దానికి ఎనుబది మూడు లక్షల చుక్కలుండును. తక్కువ చుక్కలను పెద్ద తెరపై బఱచిన నేమగును? పలుచని పిండిని పెద్ద పెనముపై బోసినట్లగును. మంచి చూపు గలవానికి ఆ చుక్కలు విడివిడిగ గనబడకుండవలెనన్న, ఇరువది లక్షల చుక్కల బొమ్మకు దూరమును సుమారు 1.56చే భాగింపవలెను. 72కు అది 46. కావున మా పెట్టెకు, మా మంచమునకు 43 సరిపోయినది. మీ యింట 4కె బొమ్మ నీయగల ప్లేస్టేషన్ 5 వంటి పెట్టె యున్నచో ఆఱడుగుల దూరమున 55 తెచ్చికొన్నను వన్నె చెడదు. అన్నియిండ్లకు నొకే మందు చెప్పుట నాకు జేతగాదు.

మఱి 32 సంగతి? మలకపేట సోదరి పతిగారివలెనే మావారును మొదట 32 అనిరి. అందుకొక కారణము గలదు. 32 వఱకు గల టెలివిజనులపై 2019 జనవరి నుండి నూటికి 18 పన్నుండెను. అంతకు మించినవాటిపై 28. అందుచేత మనవంటి యిండ్లవారు 32 దగ్గఱనే యాగిపోవుట యలవాటైనది. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్దవాటికి గూడ 18 యే చేసిరి. అనగా అసలు వెల నూరు రూపాయలైనచో మునుపు 128 ఇచ్చుచోట నిప్పుడు 118. ఆ గీత చెఱిగిపోయినను మన మనస్సులలో నింకను చెఱుగలేదు. పైగా 32 అంగుళములవి యనేకము 1366 చుక్కల వెడల్పు గలవే. ఆటపెట్టె పంపు బొమ్మను గుదించి చూపుటచే సన్నని యక్షరములు చెదరిపోవును. ఆటలలో నక్షరము చదువలేనిచో నాట లేదు. ఎన్ని ప్రాణములు మిగిలినవో ఒక మూల, దారి చూపు పటమొక మూల, ఆజ్ఞలు క్రింద. ద్రోణాచార్యుల పరీక్షలో అర్జునునకు పక్షి తల తప్ప మఱేమియు గనబడకుండుట గొప్ప. ఈ యాటలలో నట్టివాడు మొదటనే ఓడిపోవును. నాలుగు మూలలు నొకేసారి కనబడవలెను, తల త్రిప్పకుండ గనబడవలెను. మరీ చిన్నదియు, మరీ పెద్దదియు గూడ పనికిరాకపోవుటకు గారణమిదియే.

ఇన్ని లెక్కలు వేసినను మాలో నెవరును మాట వదలలేదు. అప్పుడు నేను పాత వార్తాపత్రికలను అతికించి, మూడు పరిమాణములకు మూడు కాగితపు తెరలు గత్తిరించి, గోడకు మైదాపిండి జిగురుతో నంటించి, రెండు రెండు దినములుంచితిని. మూడణాల పని, కాని దుకాణము చెప్పలేని సంగతులెన్నో యది చెప్పినది. 55 అంగుళముల కాగితము స్విచ్చుబోర్డును సగము కప్పివేసినది, దేవుని గూటి తలుపు తెఱుచుటకు వీలులేకుండ జేసినది. 32 అంగుళముల కాగితము గోడమీద గొంత దీనముగనే యుండెను.

ఆ కాగితములకడ నేను తలపని యొకటి జరిగినది. మా అమ్మాయి బొగ్గు దెచ్చి, మూడు కాగితములకు నడుమ నిలువుగీత గీచినది. ఇద్దఱు కలిసి యాడునప్పుడు అనేక ఆటలలో తెర రెండుగ జీలి సగము ఒకరికి, సగము వేఱొకరికి వచ్చునట. 32లో దాని సగము పదునాలుగంగుళముల వెడల్పు. ఆ సగముముందు నిలుచుండి, "అమ్మా, అన్నయ్యకేమి, మొత్తము తెర తీసికొనును. నాకు వచ్చునది యిదియే" అన్నది. 43లో సగము పదునెనిమిది ముప్పావు. రెంటికిని దన చేతితో జానలు కొలిచి చూచుకొన్నది.

నాకు నా చిన్ననాడు జ్ఞప్తికి వచ్చినది. మా పుట్టినింట పదునాలుగంగుళముల గాజుబుడ్డి టెలివిజను, దానికి దగిలించు ఆటపెట్టె, దానితో నొక ప్లాస్టిక్ తుపాకి యుండెడివి. బాతులను గొట్టు ఆట. ఆ తుపాకి ఈ అన్నయ్య చేతిలోనిదే. కిటికీలకు దుప్పట్లు గట్టి చీకటి చేయుట నా వంతు. పడిన బాతులను లెక్కించుట నా వంతు. రెండేండ్లలో నేనా తుపాకిని బట్టినది రెండుసార్లు, అదియు వాడు జ్వరముతో బరుండినప్పుడు. ఇప్పుడు వానికి జెప్పిన నవ్వును. నేనును నవ్వుదును. కాని గోడమీది బొగ్గుగీతను జూచిన పిమ్మట మావారితో 32 మాట మఱి యెత్తవలదని చెప్పివేసితిని.

ఆ తుపాకి మాట వచ్చినదిగాన నొక ముఖ్యవిషయము. అట్టి తుపాకి నేటి పలుచని తెరలపై బనిచేయదు. మీట నొక్కగానే తెర క్షణకాలము నల్లనై, బాతున్నచోట తెల్లని గడి మెఱయును. తుపాకిలోని కన్ను ఆ వెలుగును బట్టుకొనును. గాజుబుడ్డి టెలివిజను వచ్చిన బొమ్మను వచ్చినట్లే వెంటనే గీచెడిది. నేటివి బొమ్మను నిల్పి, రంగులద్ది, నునుపు చేసి, అటుపిమ్మట జూపును. తుపాకి వెదకునప్పటికి వెలుగుండదు. సినిమా చూచువారికి ఈ యాలస్యము తెలియనే తెలియదు. ఆడువానికి మాత్రము ప్రాణసంకటము: మీట నొక్కినది ఇప్పుడు, బొమ్మ దుమికినది తరువాత. కొన్ని టెలివిజనులలో నీ యెడము సెకనులో పదవవంతు వఱకుండును. అందుకే 'గేమ్ మోడ్' అను నొక యేర్పాటు పెట్టినారు. దానిని వేసినచో అలంకారములు మాని బొమ్మను ద్వరగా జూపును. ఆటలకై కొనువారు అంగుళములకంటె ముందడుగవలసినది దీనినే యని నా యభిప్రాయము. పెద్దదై మందమైన తెరకంటె నడిమిదై చుఱుకైనది మేలు.

కొనుటకు మొజంజాహి మార్కెట్టు దాటి ఆబిడ్సు వఱకు నడచియే పోయితిమి. ఆటపెట్టెను గుడ్డసంచిలో బెట్టుకొని పోయితిమి. ఇది మావారి యూహ. దుకాణములో నిలిచినప్పుడు 43 చాల చిన్నదిగ గనబడును. కారణము, అచట మనము పండ్రెండడుగుల దూరమున నిలిచి, ప్రక్కనున్న 75తో బోల్చి చూచుట. రంగులు గూడ దుకాణపు దీపములకు దగినట్లు మితిమీఱి పెట్టియుందురు. అమ్మువాడు మావారితో, "సార్, ఇంకొంచెము వేసికొన్న 55 వచ్చును, బాబు సంతోషించును" అనుచునే యుండెను. మేము మాత్రము టేపుతో ఆఱడుగులు కొలిచి యచట స్టూలు వేసికొని కూర్చుంటిమి. పెట్టె తగిలించి యాడించి చూడనిమ్మని యడుగగా మొదట సణిగినను పిదప నొప్పుకొనెను. మావాడొక తెరపై నాడి "ఇది ఆలస్యము" అనెను. గేమ్ మోడ్ వెదకిన నందు లేదు. రెండవదానిలో నుండెను, ఆడినాడు, మాటాడక తల యూపినాడు. అదియే కొంటిమి. 24,000 రూపాయలైనది. 55 కొనియుంటిమేని మరి పదునైదువేలు. ఆ సొమ్ము అమ్మాయి బడిరుసుమునకు నిలిచినది.

ఇంటికి దెచ్చునప్పుడు మఱియొక మేలు బయటపడినది. మా మేడమెట్లు రెండున్నర యడుగుల వెడల్పు, నడుమ నొక మలుపు. ఈ తెరల పెట్టెలను నిలువుగనే మోయవలెను. పడుకోబెట్టిన తెర పగులవచ్చును. 43 పెట్టె మలుపు తిరిగినది. మా పై వాటావారు అంతకు మునుపు 65 కొని, మెట్లమీద దిరుగక, క్రింది హమాలీలను బ్రతిమాలి, బస్తాలు కట్టు త్రాళ్లతో వసారా మీదుగా పైకి లాగించుకొనిరి. వీధివీధి నిలిచి చూచినది. వారి గదియు మాయంతటిదే. పరుగులతో, మలుపులతో గూడిన యాటలాడునప్పుడు వారి పిల్లవానికి దల దిరిగి వాంతి వచ్చుచున్నదట. చూపంతయు తెరయే నిండి, దేహము కదలక బొమ్మ కదలుటచే గొందఱికిట్లగును. వెనుకకు జరిగి కూర్చుండుమనిరట, వెనుక గోడయే.

తెరను బెట్టు ఎత్తును గూర్చి రెండు మాటలు. అనేకులు దీనిని దేవుని పటమువలె దలుపు పైయెత్తున దగిలింతురు. మెడలు పట్టును. కూర్చున్నవాని కన్ను తెర నడుమకు సూటిగ నుండవలెను. మేము గోడకు గొట్టింపక తక్కువ యెత్తు బల్లమీద బెట్టితిమి. పడమటి కిటికీ వెలుగు తెరపై బడి సాయంకాలము మెఱయుచుండగా నొక నూలుతెర గట్టితిని.

ఇప్పుడు మా గదిలో మంచపుటంచు క్రింద నేలమీద సుద్దగీత యొకటి గలదు. ఆడువారు దానిని దాటి ముందుకు రాగూడదు. ఇల్లు కడిగినప్పుడెల్ల చెఱిగిపోవును. అమ్మాయి టేపు తెచ్చి మరల గీచును. ఇద్దఱును కలిసి గంట, పాఠముల పిమ్మట, వారమునకు నాలుగు దినములు. కొట్లాటలు లేవని చెప్పను. అత్తగారు మంచముమీద గూర్చుండి ఎవరి కారు ముందున్నదో యడుగుచుందురు. శుక్లము తీయించుకొన్న కండ్లకు 43లో సగము బాగుగనే కనబడుచున్నదట. మూడునెలల పిమ్మట వైద్యుడు చూచి బలము మాఱలేదనెను. ఇంకను ఆఱుమాసములకు మరల జూపింపవలెను.

మలకపేట సోదరి తమ గదిలో గూర్చుండు చోటునుండి గోడకు ఎన్ని యడుగులో, పిల్లలు మంచముమీద గూర్చుందురో చాపమీద గూర్చుందురో, ఆటపెట్టె యేదో, మెట్ల వెడల్పెంతయో వ్రాసినచో వచ్చు సంచికలో బ్రత్యుత్తర మీయగలదానను. ఈలోగా కాగితములు కత్తిరించి గోడకంటించి చూడవలసినదిగా గోరుచున్నాను. మైదాజిగురులో గొంచెము పటిక కలిపిన చీమలు పట్టవు.